అవ్వ ఫోన్ల బాపు రాత

హలో… ఆ, నేనేరా మధూ, సంధ్యక్కను… డ్యూటీల ఉన్నవా? జర పక్కకు రా.

ఒక్కటడుగుత, నిజం చెప్పు. అవ్వ ఫోన్ల బాపు రాసిపెట్టిన నోట్స్… నువ్వేనా మార్చింది?

…అనుకున్న. నీ ఫోన్లకెల్లి మారిస్తె ఈడ గూడ మారుతదని నాకేం ఎరుక? ఒక్క మాట చెప్పొద్దారా నాకు?

…ఏం రాసినవో నాకెందుకు చెప్తవు, కండ్లార చూసిన. "గట్టమ్మా, నీ పెనిమిటి సోమనర్సయ్య పోయిన నెల చనిపోయిండు, ధైర్యంగ ఉండు." ధైర్యంగనట! భూపాలపల్లిల కూసుండి ఒక్క ఏలుతోని మారుస్తవ్. జఫర్‌గఢ్‌ల కన్నతల్లిని పట్టుకొని ఏడ్చేది నేను.

…అరె, వినురా. ఆమెకు యాది ఉండదాయె. లేవంగనే ఆ నోట్స్ సదువుకుంటేనే దినం మొదలైతది. ఇయ్యాల మంచంల కూసుండి సదివింది. మళ్ళ సదివింది. వాకిట్లకు ఉరికి గుండెలు బాదుకున్నది. కొత్తగరా! బాపు గిప్పుడే పోయినట్టు. వాడకట్టంత జమైంది.

…ఆ, ఊకున్నది. చాయ తాగినంక అంత మర్సింది. మళ్ళ ఫోన్ పట్టవోతె గుంజుకొని దాసిన. నా ఫోనేది, నా ఫోనేది అని ఇల్లంత ఎతుకుతాంది.

…నిజం చెప్పాలె, నిజం చెప్పాలె! రోజు చెప్తమా? ఆమె మొగడు రోజు సావాల్నా?

…ఏందీ? …రాసింది మార్చకుంట ఉంచనీకి అదేమన్న దేవుని రాతనా అంటానవా? బాపు గూడ మార్చేటోడు, నాకెరుకలేదా! ఇయ్యాల శుక్రారం, ఇయ్యాల గోలీలేసుకో, ఇయ్యాల సంధ్య వస్తది… గవన్ని మార్చిండు. అన్నిటికి మీదున్న మాట మార్చిండా? "గట్టమ్మా, నేను పొలం కాడికి పోయిన, పొద్దుగూకాల వస్త." గది ఎన్నడన్న ముట్టిండా?

…ఆ, నేను గూడ ఒకటి కలిపిన. మరేం జెయ్యాల్రా? దశదినం నాడు మేనత్త ఒకటే పట్టు, పుస్తెలు తియ్యకుంటె ఊరు నవ్వుతదని. తీసిన్రు. గాజులు గూడ పగలగొట్టిన్రు. నోరు మూసుకొని నిలవడ్డం గదా ఇద్దరం. తెల్లారి ఆమె నోట్స్ సదువుకున్నది, మొగడు పొలం కాడ ఉన్నడనుకున్నది, మెడ తడుముకున్నది. దొంగలు వడ్డరని ఒకటే ఒర్లుడు! గందుకే రాసిన, "పుస్తెల తాడు తెగింది, అతికియ్యనీకి అవుసలాయన కాడ ఉన్నది" అని.

…అబద్ధమే. కాదన్ననా? ఒక్కదానికోసం పది ఆడుతాన. గాజులేవంటె పలిగినయంటాన, బొట్టేదంటె చెమటకు కారిందంటాన. అవుసలాయన ఇంటికి పోదాం పా అంటె ఏం చెప్పాలె? ముందు నుయ్యి, ఎనక గొయ్యి. నాకు చాతనైతలేదు తమ్మీ…

సరె, అయింది అయింది. ఆ పాతది మళ్ళ తే. మీద మాటొక్కటే యాది ఉన్నది, కిందిదంత నేను రాద్దమంటె గట్ల వస్తలేదు. ఎంత రాసినా బాపు మాట్లాడినట్టు లేదు.

…రాదా? ఎందుకు రాదు? …దాని మీదనే తుడిసి రాసినవా? ఒక్క కాపీ గూడ తీస్కోలేదా? ఓరి నీ పాడుగాను!

…ఏడువకురా. నువ్వేడిస్తె నేనేం జెయ్య? నువ్వు మంచికే చేసినవ్… ఎరుకే… అరె, ఊకో.

ఆగాగు. అవ్వ వస్తాంది.

ఏం లేదవ్వా, తమ్మునితోని… కాదే, బాపు కాదు. తమ్ముడే, మధు…

మధూ, నువ్వే బాపువనుకుంటాంది. ఫోన్ ఇయ్యమంటాంది. ఏం చెప్పాల్రా?… గుంజకవ్వా, ఇస్త, ఆగు…

నిజం చెప్పాలంటివి గదా, నువ్వే చెప్పు. నీ నోటితోని చెప్పు. ఇగో, ఇస్తాన.

…మధూ? హలో? …హలో?

కట్ చేసిండు.

…ఏం లేదవ్వా, లైన్ పోయింది. …ఆ. …ఆ, బాపే. మడికి నీళ్ళు పెడుతాండట… ఆలిశం అయితదట. తన కోసం చూడకుంట నిన్ను తినుమన్నడు.