పెట్టెలో గౌన్లు

1968 శీతాకాలం. చీపురుపల్లి దగ్గర ఓ అనాథాశ్రమం వరండాలో బట్టల కొట్టు షావుకారు భార్య, పిల్లలకి వండిపెట్టే ముసలామె మాట్లాడుకుంటున్నారు.

“దాలమ్మా, పోయినేడాది దీపావళికి నేను కుట్టించి ఇచ్చిన గౌన్లేవి? పిల్లలంతా చిరుగులతోనే ఉన్నారు.”

“పెట్టెలో బద్రంగా ఉన్నాయమ్మా. కలరా ఉండలు కూడా ఏసినాం.”

“తొడుక్కోడానికి కదా ఇచ్చాను?”

“ఒకపాలి తొడిగినామమ్మా. ఆ రోజే విజీనారం నుండి పెద్దోలొచ్చినారు. పిల్లలు కళకళలాడతన్నారు, ఇక్కడ మన అవసరం నేదని సెప్పి, తెచ్చిన దుప్పట్లు మల్లీ బండెక్కించీసి ఎలిపోనారు. ఆ సలికాలమంతా పిల్లలు గోనెసంచులు కప్పుకొని తొంగున్నారు.”

“అందుకని?”

“అందుకని ఎవులొస్తన్నా పాతవే తొడుగుతన్నాం. సిరుగులు సూస్తేనే ఎవులికైనా సెయ్యి ముందుకొస్తాది.”

“నేనొచ్చినా అంతేనా?”

“మీరొస్తన్నట్టు ముందుగా కబురెట్టినారు కదమ్మా.”



“సరే, ఇప్పుడు ఆ గౌన్లు తొడుగు. నేనేమీ వెనక్కి పోను. దుప్పట్లు రేపే కొట్టు నుంచి పంపిస్తాను.”

దాలమ్మ పెట్టె తెరిచి గౌన్లు పంచింది. ఆడపిల్లల్లో ఒక్కరికీ గుండీ పడలేదు. ఒకమ్మాయి చెయ్యి సగం దూరి ఇరుక్కుపోయింది.

“టైలర్ని ఇక్కడికే పంపి కొలతలు తీయించానే.”

“కొలతల్లో తప్పేటీ నేదమ్మా. మేం పోసే గంజికి పిల్లలు ఏడాదిలో ఇంతేసి ఎదుగుతారని మేమే అనుకోనేదు.”