శుక్రవారం తలనొప్పి

పటమటలో రెండో అంతస్తు ఇల్లు, శుక్రవారం మధ్యాహ్నం. వెలుగు పడకుండా పడకగది కిటికీకి దుప్పటి కట్టారు. మంచం మీద కోడలు వినీల, తల దగ్గర శొంఠి గంధం గిన్నెతో అత్తగారు సువార్తమ్మ, ఎటైనా జారుకోవడానికి వీలుగా గుమ్మంలో ఫిన్నీ. పెళ్ళాం తలనొప్పికీ తల్లి నోటికీ మధ్య నిలబడ్డ మగవాడికి గుమ్మాన్ని మించిన చోటు లేదు.

“కళ్ళు మూసుకో అమ్మాయ్. శొంఠి కంట్లో పడిందంటే తలనొప్పి సంగతే మర్చిపోతావు.”

“అదే నయమేమో అత్తమ్మా.”

“వేళాకోళమా? ఇవాళ ఎటు పక్క?”

“ఎడమ పక్క. కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పోయింది. లోపల ఎవరో కూర్చుని రోకలితో దంచుతున్నట్టుంది. కొంచెం మెల్లిగా మాట్లాడండత్తమ్మా.”

“మెల్లిగానే మాట్లాడుతున్నాగా! ఒరే ఫిన్నీ, నేను గట్టిగా మాట్లాడుతున్నానా?”

“లేదమ్మా. కింద వాచ్‌మన్‌కి మాత్రమే వినపడుతోంది.”

“నువ్వు నోర్ముయ్. పొద్దున్నే ఆఫీసు మానేసి పెళ్ళాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళావు గదా, ఆవిడేం చెప్పిందో ఒక్క ముక్క చెప్పావా? అడిగితే నసుగుతున్నావు.”

“చెప్పాగా. మైగ్రేన్ అంది.”

“ఆ మాట చెప్పడానికి డాక్టరెందుకు? పైనింటి శివపార్వతి ఎప్పుడో చెప్పింది. పార్శ్వపు నొప్పి, తెల్లారకముందే లేచి పాలల్లో జిలేబీ నానేసుకుని తింటే పోద్దంది.”

“తిన్నాం గదమ్మా.”

“తిన్నాం ఏంట్రా? తలనొప్పి దానికి. జిలేబీలు నువ్వెందుకు తిన్నావు?”

“తోడుగా.”

“ఆ తోడు పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమన్నప్పుడు ఏమైంది?”

“దగ్గొస్తదమ్మా నాకు.”

“ఏవండీ, ముందు చెప్పండి.”

“ఏం చెప్పమంటావు వినీ?”

“డాక్టరుగారన్నది. ఇంటికెళ్ళగానే నేనే చెప్తానని బండి మీద అన్నారుగా.”

“ఆ... అదే చెప్తున్నా. అమ్మా, డాక్టరుగారు ఏమన్నారంటే... ఎండలో తిరగొద్దన్నారు.”

“సరే.”

“సెల్లు చూడ్డం తగ్గించమన్నారు.”

“నేను మొత్తుకునేదీ అదే. నా మాటైతే ఊరికే వచ్చింది, ఆవిడ మాటకి ఫీజు కట్టారు. ఇంకా?”

“మంచినీళ్ళు బాగా తాగమన్నారు. నిద్ర చెడగొట్టుకోవద్దన్నారు. ఇంకా... వేళకి...”

“వేళకి?”

“వేళకి...”

“ఏంట్రా, రికార్డు అరిగినట్టు?”

“వేళకి మాత్ర వేసుకోమన్నారు.”

“ఏవండీ!”

“అరవకు వినీ. నొప్పి నీకే.”

“అదెందుకలా కళ్ళురుముతోందిరా నిన్ను? సరేలే, మందు మందే, ప్రార్థన ప్రార్థనే. వినీలా, నీకో మాట చెప్పాలి. మన స్త్రీల సమాజమంతా నీ కోసం శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నాం గదా. ఇన్ని వారాలైనా నొప్పి దిగట్లేదంటే పట్టు చాలట్లేదన్నమాట. అందుకని నేనూ పాస్టరమ్మగారూ ఆలోచించాం.”

“ఏమని?”

“వచ్చే వారం నుంచి బుధవారం కూడా.”

“అమ్మో!”

“ఏంటా అమ్మో?”

“పోటు వచ్చిందత్తమ్మా.”

“చూశావుట్రా, పేరెత్తగానే ఎలా విజృంభించిందో! సైతాను. దానికి తెలుస్తుంది, తన పని అయిపోవచ్చిందని.”

“నా కోసం అందరికీ ఎందుకత్తమ్మా ఇంత శ్రమ? ఈ వారంతో ఆపేద్దాం.”

“శ్రమేముందే? షుగరుదాన్ని నేనే మజ్జిగ తాగి ఉంటున్నా. అలవాటు లేని వాళ్ళకి కష్టం గానీ. ఆమాటకొస్తే మీ ఆర్‌సిఎం కేథలిక్కులది సుఖం. శుక్రవారం మాంసం మానేస్తే చాలు, కొరమేను పులుసుతో కడుపునిండా అన్నం తిని దాన్ని ఉపవాసమంటారు.”

“మా అమ్మ అలా ఎప్పుడూ...”

“మీ అమ్మని అనట్లేదమ్మా, మీ పుట్టింటి గుణదల మొత్తాన్ని అంటున్నా. మీ అమ్మ మంచి మనిషి. కొరమేను పులుసు కూడా బాగా పెడుతుంది.”

“అమ్మా, దానికి నొప్పిగా ఉంది, ఇప్పుడెందుకు చేపలు?”

“సరదాకి అన్నాలేరా. నాలుగింటికి ఆడవాళ్ళొస్తారు, హాల్లో చాపలు పరవాలి. నువ్వు లేవలేకపోతే పర్లేదమ్మాయ్, నీ మంచం చుట్టూ చేరి పాడతాం.”

“ఇక్కడా? పాడతారా?”

“పాటలు లేకుండా ప్రార్థనేంటి? ఇవాళ డోలక్ కూడా వస్తోంది.”

“డోలక్కా!”

“అదిగో మళ్ళీ పోటు. ఉండు, శొంఠి ఆరిపోయింది, ఇంకాస్త అరగదీసుకొస్తా. ఒరే, దాని కాళ్ళు పట్టు.”

“...వెళ్ళారా?”

“వెళ్ళింది. సానరాయి చప్పుడు వస్తోందిగా.”

“మీరసలు మనిషేనా? వేళకి, వేళకి అని నోటిదాకా తెచ్చి మింగేశారు.”

“నువ్వే చెప్పొచ్చుగా.”

“నేను చెప్తే ఏమవుద్ది? ఉపవాసం ఎగ్గొట్టడానికి కోడలు డాక్టర్ని అడ్డం పెట్టుకుందంటారు. కొరమేను కథ మళ్ళీ మొదటి నుంచీ వస్తుంది. మీరు కొడుకు. మీరు చెప్తే నాలుగు తిడతారు, ఊరుకుంటారు.”

“ఆ నాలుగూ ఎలా ఉంటాయో నీకు తెలీదు. అసలు డాక్టరుగారు సరిగ్గా ఏమన్నారు? ‘వీలైతే మానండి’ అన్నారా, ‘అస్సలొద్దు’ అన్నారా?”

“మీరు పక్క కుర్చీలోనే ఉన్నారు కదండీ! నొప్పి ఎప్పుడెప్పుడొస్తుందమ్మా అనడిగారు. ఇదివరకు నెలకోసారి వచ్చేది, ఇప్పుడు ప్రతి శుక్రవారం అన్నాను. శుక్రవారం ఏం చేస్తారని అడిగారు. నా తలనొప్పి తగ్గడానికి ఉపవాసముంటానన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసి నవ్వారు.”

“నవ్వలేదు, దగ్గారు.”

“నవ్వారండీ. నాకే నవ్వొచ్చింది, నొప్పికి ఆపుకున్నాను. ‘కడుపు ఖాళీ అయితే లేచే నొప్పమ్మా ఇది, పూట తప్పితే నా మాత్రలు ఏం చెయ్యలేవు’ అన్నారు. ఇంతకన్నా ఎలా చెప్తారు?”

“చెప్తాలే. మంచి టైము చూసి.”

“డోలక్ వచ్చాకా? అబ్బ, మీరు కొంచెం దూరంగా జరగండి. నెయ్యి వాసన.”

“నెయ్యేంటి?”

“నెయ్యి, కారప్పొడి. మీ దగ్గర్నుంచే.”

“పాపం నొప్పి బాగా ముదిరింది. లేని వాసనలొస్తాయని డాక్టరుగారు చెప్పారుగా.”

“లేని వాసనలు అనలేదు. ఉన్న వాసనే నాలుగింతలు తెలుస్తుందన్నారు.”

“అయితే పైన శివపార్వతిగారు టిఫిన్ చేస్తున్నారేమో.”

“మీ చొక్కాలోనా? మీరు కూడా నా కోసం ఉపవాసముంటున్నారు గదా?”

“ఉంటున్నా... ఉంటున్నా. ఏ కాలు పట్టమంటావు, కుడిదా ఎడమదా?”

“నొప్పి తలలో అండీ!”

“ఏంటి గుసగుసలు? ఇదిగో శొంఠి. ఫిన్నీ, లే అవతలికి. వినీలా, మంచి మాట విన్నాను. ఇప్పుడే పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. బుధవారం గిధవారం ఎందుకు, ఏకంగా మూడు రోజుల ఉపవాసం పెట్టేద్దాం, ఉంటే ఆ నొప్పన్నా ఉండాలి, మనమన్నా ఉండాలి అన్నారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు, పచ్చి మంచినీళ్ళు కూడా లేకుండా. నేను సరేనన్నా.”

“అత్తమ్మా...”

“వచ్చే సోమవారం మొదలు. పిచ్చిపిల్లా, ఏడుస్తున్నావేంటే? శొంఠి కంట్లో పడిందా?”

“అత్తమ్మా, నాకు ఉపవాసం వల్లే తలనొప్పి వస్తోంది!”

“...ఏంటీ?”

“డాక్టరుగారు చెప్పారు. ఆయన్ని చెప్పమంటే ఎండ, సెల్లు, మంచినీళ్ళు అని ఊరంతా తిరిగొచ్చారు. పూట తప్పకూడదన్నారత్తమ్మా. కడుపు ఖాళీగా ఉంటే నాకు ఈ నొప్పి లేస్తుందట. మీరు నా నొప్పి తగ్గాలని ఉపవాసం పెట్టారు, దానితోనే నొప్పి వారం వారం వస్తోంది. వచ్చే కొద్దీ మీరు పెంచుతున్నారు. మూడు రోజులంటే నేను బతకను.”

“నిజమేనంట్రా?”

“ఆ... అలాంటిదే ఏదో అన్నారమ్మా.”

“ఆ డాక్టరమ్మ పేరేంటి?”

“రామతులసిగారు.”

“ఆవిడ మాత్రం కార్తీక సోమవారాలు ఉండదా?”

“అడిగానత్తమ్మా. ఉండేవారట. ఆవిడకీ ఇదే నొప్పట. మానేశాక తగ్గిందన్నారు.”

“మానేస్తే దేవుడికి కోపం రాలేదంటా?”

“అది అడగలేదు.”

“అడగాల్సింది అదే మానేశావు. ...సరే, ఉండు. నాకొకటి అర్థం కావట్లేదు. కడుపు ఖాళీగా ఉంటే నొప్పొస్తది. బాగానే ఉంది. నీ కడుపెందుకు ఖాళీగా ఉంటది?”

“ఉపవాసం గదత్తమ్మా.”

“ఉపవాసమే. గురువారం రాత్రి అన్నం తిన్నావు. తర్వాత?”

“మళ్ళీ శుక్రవారం రాత్రి, ప్రార్థన అయ్యాకే.”

“మధ్యలో?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే? ఒక్క ముద్ద కూడానా?”

“మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మీరు మొదట్నుంచీ కొరమేను అంటున్నారు గదా. గుణదల పిల్ల తిండికి ఆగలేకపోయిందని ఎవరూ అనకూడదని పట్టుదల. అయినా నా కోసం ఇంతమంది ఆకలితో వచ్చి పాడుతుంటే నేను ఏ మొహం పెట్టుకుని తింటాను? మీరందరూ నా తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేస్తుంటే ఏడుపొచ్చేది. ఆకలికొచ్చేదో, నొప్పికొచ్చేదో, ఇంతమందికి నేనంటే ఇంత ప్రేమా అనొచ్చేదో నాకే తెలిసేది కాదు.”

“అయ్యో నా తల్లీ...”

“మీకు కోపం వచ్చిందా అత్తమ్మా?”

“నీ మీద కోపమేంటే? ఇన్ని వారాల నుంచీ ఒంట్లో బాలేని పిల్ల కడుపు మాడ్చి పక్కన కూర్చుని పాటలు పాడానా నేను? అంత కసాయిదానిలా కనపడ్డానా నీకు?”

“అమ్మా, నేను హాల్లో చాపలు పరుస్తా.”

“పోయి పరిచిరా, ఎవరొద్దన్నారు! అది కాదు వినీలా. పదిమందిలో ఉపవాసమని చెప్పినదాన్ని, ఇంట్లో నిన్ను నోటితో తినమంటే సమాజంలో నా మాట చెల్లుతుందా? నీకా రోషం ఎక్కువ. చెప్తే అసలు తినవు. అందుకని నేను నోరెత్తలేదు. శుక్రవారం శుక్రవారం తెల్లారుజామునే లేచి, ఎవరికీ తెలీకుండా నీ కోసం నాలుగిడ్లీలు వేసి, కారప్పొడి చల్లి, నెయ్యి పోసి, పొయ్యి పక్కన గిన్నెలో మూత పెట్టి నా గదిలోకి పోతున్నా. నేనుంటే నువ్వు మొహమాటపడతావని తలుపు కూడా వేసుకుంటున్నా. కాసేపాగి వచ్చి చూస్తే గిన్నె తుడిచినట్టుంటుంది. పోన్లే, పిల్ల తింటోంది, ప్రభువే దానికి బుద్ధి పుట్టించాడు అని వారం వారం కన్నీళ్ళతో స్తోత్రం చెప్పుకుంటున్నా.”

“ఏ గిన్నె అత్తమ్మా?”

“...ఒరే ఫిన్నీ! ఆ చాపలక్కడ పడేసి, ఇటొచ్చి నోరు తెరువు.”