ఊదా నీళ్ళలో తంగేడాకు

బెళుగుప్ప బస్టాండు కాడ లక్ష్మన్న టీ అంగట్లో తిప్పయ్య కూసున్నాడన్న మాటే గానీ ఒకచోట నిలకడగా లేడు. బెంచీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు జరుగుతాడు, లేస్తాడు, రోడ్డుకల్లా చూస్తాడు. అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబులో ఆయన అటెండరు. ఆకుల్లో ఒంటికి మేలుచేసే సత్తువ ఎంతుండాదో ఆడ కొలుస్తారు. ఈ ఊరి రైతు గంగక్క కోసిచ్చిన తంగేడాకు సంచిని పది దినాల కిందట ఆయనే తీసకపోయినాడు. సత్తువుందని తేలితే ఆకు కొంటామని ల్యాబు మేడం మాటిచ్చింది. రెండేండ్లుగా శెనక్కాయ పండని గంగక్కకు మేకలు కూడా ముట్టని ఆ ఆకే దిక్కయింది.

గంగక్క రానే వచ్చింది. పరీక్ష ఏమైందని అడిగింది.

మేడంకు తీరిక లేకుంటే తానే చేసినానని మొదలుపెట్టినాడు తిప్పయ్య. గాజు గొట్టంలో ఊదారంగు మందునీళ్ళు పోసి ఆకు రసం కలిపి అరగంట చీకట్లో పెడతారంట. సత్తువుంటే ఊదా విరిగి పసుపవుతాదంట.

"మన ఆకు రసం పొయ్యనే లేదు, వాసనకే పసుపైపాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? రంగు కొలిచే మిషన్లో పెడితే అంకె సున్నాకు దిగె, సున్నా కింద ఇంకా దిగతానే ఉండె, ప్లగ్గు పీకినా ఆగల్యా."

"కరెంటు లేకుండానా అప్పా?" అన్నాడు లక్ష్మన్న, పాలు తిప్పుతా.

తిప్పయ్యకు ఆ మాట చెవికెక్కలేదు. గంగక్క మొగం చూడలేక ఇంకా జోరు పెంచినాడు. మేడం కట్టుకున్న ఊదా చీర పసుపైందన్నాడు. గేటు బయట బండి మీద వంకాయలు పసుపైతే వాటిని నిమ్మకాయలని అమ్ముకున్నారన్నాడు. ఆ పొద్దు ఉరవకొండ దాకా కూరకు ఒక్క వంకాయ దొరకలేదన్నాడు. అంగట్లో అందరూ నవ్వినారు. గంగక్క నవ్వలేదు.

"పొద్దున మేడం ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసింది తిప్పయ్యా. నీళ్ళు ఊదాగానే ఉండినాయంట."

లక్ష్మన్న పాలు తిప్పేది ఆపినాడు.

"ఆకు ఎండకు మాడిందంట. నీడలో ఆరబెట్టి మళ్ళా పంపమనింది. మళ్ళా కోసి ఇంట్లో చాప మీద పరిచినా. ఈసారి నేనే తీసకపోతా."

తిప్పయ్య తల వంచుకున్నాడు. నీడలో ఆరబెట్టమని మేడం చెప్పినా, తొందర కొద్దీ మిద్దె మీద ఎండలో పరిచింది తానేనని ఒప్పుకున్నాడు.

"నీకు చెప్పనీకి నోరు రాలేదక్కా."

"నోరు రాకనే ఇంత చెప్తివి," అనింది గంగక్క. "వచ్చింటే ఏం చెప్పేటోనివో."