జంటల గది

ఎంటెబ్బె దారిలో కజాన్సి ఊళ్ళో, ఆదివారం పొద్దున్న, వంటింటి వెనక అరుగు మీద నబకూజా కూర అరటికాయలు చెక్కు తీస్తోంది. ఆవిడ మొగుడు లుబ్వామా ఫోనులో దీవి బొమ్మలు చూపిస్తున్నాడు. చూపించేవాడికున్న ఉత్సాహం చూసేదానికి లేదు.

“జంటల గది తలుపు గడియ బిగుసుకుంటుంది, కాస్త పైకెత్తి లాగాలి అన్నారు మీరు. గడియ బిగుసుకోవడం కూడా బొమ్మలో కనిపిస్తుందా?”

“ఎవరో చెప్పారే.”

“ఎవరో అంటే?”

“కసోజి.”

“కసోజియా? పడవ పేరెత్తితేనే వాంతి చేసుకునే కసోజి, సరస్సు దాటి కలంగాలా దీవికి వెళ్ళాడా?”

“వాడు కాదు, వాడి తమ్ముడు. ఎవరైతేనేం? పడవ ఇంజన్ల పని మీద నెలకోసారి నేనూ అటు పోతూనే ఉంటానుగా. నాలుగు మాటలు చెవిన పడతాయి.”

“ఇంజన్లు బాగుచేసేవాడి చెవిలో జంటల గది గడియ సంగతి ఎందుకు పడుతుందండీ?”

“ఇదిగో, ఇందుకే నీకేదీ చెప్పబుద్ధి కాదు. పెళ్ళయి పదేళ్ళయింది కదా, నాలుగు రోజులు హాయిగా ఇసకలో కూచుని చేపలు తిని వద్దాం అంటే, పోలీసు స్టేషన్లో కూచోబెట్టినట్టు ఏమిటీ ప్రశ్నలు?”

“ఎంటెబ్బెలో జంతువుల పార్కు ఇక్కణ్ణించి అరగంట. పదేళ్ళలో అక్కడికే తీసికెళ్ళలేదు మీరు. మా అన్నయ్య కూతురి పెళ్ళికి రమ్మంటే ఇంజను విప్పి పెట్టానన్నారు. ఇప్పుడు ఉన్నట్టుండి దీవి, రిసార్టు, మంచం మీద పూలు. భయమేస్తోంది నాకు.”

“మొగుడు ముద్దు చేస్తే భయమా?”

“అలవాటు లేనిది జరిగితే భయమే మరి. ముసోకె వాళ్ళ నాన్నా, ఇటు చూడండి. ఫోను కాదు, నన్ను. ఇంకెవరైనా ఉన్నారా?”

“ఛీ ఛీ! ఏం మాటలవి!”

“ఉంటే ఇప్పుడే చెప్పండి. పడవెక్కాక కాదు. నాకు నలుగురిలో నవ్వులపాలు కావడం ఇష్టం లేదు. చెప్తే వింటాను. ఏం చెయ్యాలో తరవాత ఆలోచించుకుంటాను. తెలీకుండా ఉండడం మాత్రం నావల్ల కాదు.”

“బైబిలు మీద ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు. సరేనా? ఆ కాయలు తొందరగా చెక్కు, ఆకలేస్తోంది.”

“అడిగింది ఒక్క ఒట్టు. మీరు రెండు వేశారు.”

“వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదంటావు, వేస్తే రెండెందుకంటావు.”

“సరే, నమ్మాననుకోండి. ఆ రిసార్టు వాళ్ళకి ఫోను చెయ్యండి. గది ఉందో లేదో కనుక్కుందాం.”

“నేను రేపు షెడ్డు నించి మాట్లాడతాలే.”

“ఇప్పుడేమయింది?”

“ఆదివారం. చర్చికి పోయుంటారు.”

“రిసార్టు మొత్తం చర్చికి పోయిందా? బొమ్మ కింద నంబరుంది. ఇలా ఇవ్వండి, నేను చేస్తాను.”

“నీ చేతులకి జిగురుంది, నా ఫోను పాడవుతుంది. నేను చేస్తానన్నానుగా. ఇటివ్వు. ఇటివ్వవే!”

“ఇదేంటండీ? రిసార్టు నంబరు ఒక్కో అంకె నొక్కుతుంటే మీ ఫోను ‘డీజిలు కొట్టు’ అని చూపిస్తోంది?”

“అదా... తప్పు నొక్కి ఉంటావు.”

“అంకెలు నాకూ వచ్చు. మోగుతోంది. స్పీకరు పెడతాను.”

“స్పీకరొద్దు, ఫోను పెట్టెయ్. పెట్టెయ్యవే, మాట విను...”

“హలో, సలొంగోగారూ! నమస్కారం! ఎన్నాళ్ళకి గుర్తొచ్చాం! నేను రిసార్టు నించి నకిబూలెని. నలొంగోగారు బావున్నారా? కవలలిద్దరూ కులాసానా? వాస్వా, కాటో నడుస్తున్నారా? ఆమధ్య వచ్చినప్పుడు మా వరండా అంతా పాకేశారు! సలొంగోగారూ? వినబడుతోందా?”

“వినబడుతోందమ్మా. నేను ఆయన ఇంటిదాన్ని.”

“అయ్యో, నలొంగోగారా! గొంతు గుర్తుపట్టలేకపోయాను. జలుబు చేసిందా?”

“ఆఁ, కాస్త పట్టేసింది. మేం ఆఖరుసారి ఎప్పుడొచ్చామమ్మా? మతిమరుపు.”

“ఈస్టరు మర్నాడు కదండీ! మీరు కొండవైపు గది వద్దని గోల చేస్తే సలొంగోగారు దగ్గరుండి మార్పించారు. వచ్చే శుక్రవారం అదే గది ఖాళీగా ఉంది. తాళం వెయ్యబోతే గడియ పైకెత్తి లాగాలి, అంతే. ఉంచమంటారా?”

“మధ్యాహ్నంలోగా చెప్తానమ్మా. అట్టేపెట్టు.”

“అలాగేనండీ. పిల్లలకి ముద్దులు!”

“ముసోకె వాళ్ళమ్మా, ముందు నేను చెప్పేది...”

“ఈస్టరుకి కసెన్యి రేవులో పెద్ద ఇంజను పట్టేసిందన్నావు. ముసోకెకి జ్వరం. నేనొక్కదాన్నే మోటారు సైకిలెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాను.”

“అబ్బే, ఆ పిల్ల ఇంకెవరో అనుకుని మాట్లాడింది. సలొంగోలు ఈ దేశంలో ఎంతమంది లేరు?”

“నీ ఫోన్నించి చేస్తే ఇంకెవరో అనుకుందా? నేను పేరు చెప్పకముందే నిన్ను సలొంగో అంది, నన్ను కవలల తల్లిననుకుని నలొంగో అంది. కవలల తండ్రిని తప్ప ఇంకొకణ్ణి మనవాళ్ళు ఆ మాటనరు. కవలల తండ్రిని ఆ మాటతో తప్ప ఇంకోలా పిలవరు.”

“దుకాణాల్లో మర్యాదకి పిలుస్తారే. గిరాకీల్ని బుట్టలో వేసుకోడానికి. కూరల కొట్టువాడు నన్ను పెద్దాయనా అనడూ?”

“వాస్వా, కాటో అని పేర్లు కూడా మర్యాదకే పెట్టిందా?”

“నాకేం తెలుసు దాని సంగతి!”

“సరే. ఇంకేం అడగను. ఒక్క ముక్క చెప్పు. ‘నాకు కవలలు లేరు’ అను.”

“పిచ్చా నీకు?”

“మూడే మాటలు. నువ్వు అంటే చాలు, ఈ కత్తి ఇక్కడ పెట్టేసి వెళ్ళి బట్టలు సర్దుకుంటాను. మళ్ళీ జన్మలో అడగను.”

“బైబిలు మీద ఒట్టేశాను కదటే!”

“బైబిలు వద్దు. అమ్మ వద్దు. కవలలు లేరను.”

“ఎందుకనాలి? అనుమానం నీది, మాటలు నావా?”

“అనవు. అనలేవు. కవలల్ని కని లేరన్నవాడి ఒళ్ళు కాలినట్టు బొబ్బలెక్కుతుందని మీ తాత దగ్గర్నించీ భయం మీకు. దేవుడి మీద అబద్ధం ఆడగలవు, నా మీద ఏళ్ళ తరబడి ఆడగలవు. వాళ్ళ మీద మాత్రం నోరు పెగలదు. ఏం? దొంగకి తేలు కుట్టినట్టు అలా నిలబడ్డావేం?”

“...వాస్వా ముందు పుట్టాడు. కాటో పావుగంట తరవాత.”

“ఎన్నేళ్ళు?”

“ఏడాదిన్నర.”

“కవలలు పుడితే ఆచారం ప్రకారం ఆట ఆడించాలి. అటువాళ్ళూ ఇటువాళ్ళూ వచ్చి చిందెయ్యాలి. మీవైపు నించి ఎవరొచ్చారు?”

“అవన్నీ ఇప్పుడెందుకే...”

“మీ అమ్మ వచ్చిందా?”

“...వచ్చింది.”

“అందుకా! ఏడాదిన్నర నించీ నా ముందు నిన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ఒరేయ్, ఇటు రారా, అంతే. కవలల తండ్రిని పేరు పెట్టకూడదు, ఆ బిరుదేమో నేను వినకూడదు. పెద్దావిడ ఎంత తంటాలు పడిందో పాపం! నాకు రెండో కాన్పు రావాలని పొద్దున్నే ఆకు పసరు పట్టుకొచ్చి దగ్గరుండి తాగించేది. చేదు తాగలేక నేను ఏడిస్తే వీపు నిమిరింది. అదే చేతుల్తో అక్కడ ఆ పిల్లల్ని ఎత్తుకుని చిందేసిందన్నమాట.”

“నబకూజా...”

“పేరు పెట్టి పిలవకు. మీవాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. ఈ గిన్నె నీ మొహాన కొట్టాలనుంది.”

“అక్కడికి తీసుకెళ్ళి చెబుదామనే అనుకున్నా. నిజంగా. చల్లగా ఉంటుంది, మనసు కుదుటపడుతుంది, మెల్లగా చెబుదామని.”

“మర్నాటిదాకా తిరుగు పడవ లేని చోట చెబుదామనుకున్నావు.”

“అలా కాదు...”

“అలాగే. నేను అరిచినా సరస్సు వినాలి, ఇంకెవరూ వినకూడదు. అదీకాక ఆవిడతో పడుకున్న గదిలోకే నన్నూ తీసుకెళ్తానంటావా? సిగ్గు లేదూ?”

“తెలిసిన చోటు కదా అని... బాగా చూసుకుంటారు...”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆవిడ పేరేంటి?”

“నకాయిమా. బుకాకాటా రేవులో బట్టలు కుడుతుంది. మంచిది.”

“మంచిదో కాదో నేను అడగలేదు. నేనున్నానని తెలుసా ఆవిడకి?”

“తెలుసు. అంటే...”

“అంటే?”

“విడిపోయామని చెప్పా.”

“ఎప్పుడు విడిపోయాం?”

“నాలుగేళ్ళ కిందట... అని చెప్పా. నువ్వే వెళ్ళిపోయావని. ముసోకెని నేనే పెంచుతున్నానని.”

“నువ్వు పెంచుతున్నావా? వాడి చెప్పుల సైజెంత? చెప్పు. వాడి టీచరు పేరేంటి?”

“ముగ్గురో నలుగురో ఉన్నారుగా టీచర్లు...”

“ఆ పిచ్చిది నిన్ను చూసి జాలిపడి ఉంటుంది. పెళ్ళాం వదిలేసిన మగాడు, ఒంటి చేత్తో కొడుకుని సాకుతున్నాడు అని. నేను ఇక్కడ నీ షర్టులు ఉతుకుతుంటే, అక్కడ ఆవిడ నీకోసం కళ్ళొత్తుకుని ఉంటుంది. ఆవిణ్ణి తిడదామని నోటిదాకా వచ్చింది, బయటికి రావట్లేదు. ఆవిడ నంబరివ్వు.”

“వద్దే. నీకు దణ్ణం పెడతా. దానికి తెలిస్తే పిల్లల్ని చూడనివ్వదు.”

“ఏ కొట్టు పేరుతో దాచావు?”

“...టైర్ల కొట్టు.”

“ఇంజన్ల వాడివి కదా, దుకాణాలకేం లోటు. ఇటు ఇవ్వు ఫోను. దూరంగా నిలబడు. టైర్ల కొట్టుకి తరవాత చేస్తాను, ముందు రిసార్టు పిల్లతో మాట్లాడాలి, మధ్యాహ్నంలోగా చెప్తానన్నాను. హలో, నకిబూలెనా? నేనేనమ్మా.”

“చెప్పండి నలొంగోగారూ! వస్తున్నారా? సలొంగోగారికీ మీకూ అదే గది రాసేసుకోనా?”

“నేను నలొంగోని కాదమ్మా, ఆయన మొదటి పెళ్ళాన్ని. నలొంగో, నేనూ కలిసి వస్తాం, గది మా ఇద్దరికీ రాసుకో. సలొంగోగారు రారు, ఇంట్లో ముగ్గురు పిల్లల్ని చూసుకోవాలి.”