తొమ్మిది రోజుల పాలు

తల్లిపాల బ్యాంకు గది అద్దాల తలుపు ఇనప రాడ్డుతో పగలగొట్టి లోపలికి వచ్చాడు ఆ మనిషి. అడ్డొచ్చిన నర్సు నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. అయినా ఆమె ఫ్రీజరుకు వీపు ఆనించి నిలబడే ఉంది.

“తప్పుకో సిస్టర్. రెండో దెబ్బకి తల ఉండదు.”

“ఏం కావాలి మీకు?”

“మా ఆవిడ ఇచ్చిన పాలు. నా కూతుర్ని మట్టిలో పెట్టి వారం కాలేదు. దాని పాలు ఊళ్లోవాళ్ల పిల్లలు తాగుతారా? ఒక్క చుక్క మిగలనివ్వను.”

“అవి విడిగా లేవు. నలుగురు తల్లులవి కలిపి కాచి పెట్టాం.”

“అయితే అన్నీ పగలగొడతా.”

పక్కనున్న బల్ల మీద రాడ్డు పడింది. ఖాళీ సీసాలు ఎగిరి ముక్కలయ్యాయి. నర్సు కదల్లేదు.

“పక్క గదిలో పదకొండు మంది నెలతక్కువ పిల్లలున్నారు. వాళ్లకి ఇవే దిక్కు.”

“నా పిల్లకి ఎవరు దిక్కయ్యారు?”

“మీ ఆవిడకి పాలు పడ్డది పాప పోయిన రోజున. అంతకుముందు తొమ్మిది రోజులూ పాప ఏం తాగిందనుకున్నారు?”

ఎత్తిన రాడ్డు గాల్లోనే ఆగింది.

“ఇవేనా?”

“ఇవే, ఇలా వేరే తల్లులు ఇచ్చినవే. ముక్కులో గొట్టంతో మొదలుపెట్టాం. ఆరో రోజుకి చెంచాతో తాగింది. చాల్లేదని ఏడ్చింది కూడా.”

అతను రాడ్డు కిందికి దించాడు.

“ఆవిడ కింద ఆటోలో ఉంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఒళ్లు కాలిపోతోంది. ఇంకోసారి పాలిస్తే చంపుతానన్నాను.”

“ఎత్తుకుని తీసుకురండి. రెండు చేతులూ కావాలి, ఆ రాడ్డు ఇక్కడ పెట్టండి.”