నువ్వుగింజంత పువ్వు

సీతాఫల్‌మండిలో యెషయాగారి వరండా మీద సాయంత్రాలు మేం నలుగురం చేరేవాళ్ళం. ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఏలూరు వైపు మనిషి, కోతలకు పెట్టింది పేరు. ఆ ఏడు వానాకాలంలో ఆయన భార్య ప్రేమమణిగారు టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడ్డారు. ఇంటికొచ్చినా మంచం దిగలేదు. జ్వరం పోయింది గానీ మాటా, ఆకలీ దానితోనే పోయాయి. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఎవరు పలకరించినా కళ్ళు మూసుకునేవారు. ఆవిడ మంచం వరండా కిటికీకి ఆనుకుని ఉండేది. యెషయాగారు తన కుర్చీ ఆ కిటికీ కిందికే లాక్కునేవారు.

ఆవేళ ఆవిడ పెంచుతున్న ఆర్కిడ్ మొక్క సంగతి ఎత్తుకున్నారు.

"అరకు నుంచి మా స్నేహితుడొకాయన తెచ్చిచ్చాడండీ. అగ్గిపెట్టెలో పట్టేంత మొక్క. కొండగాలికి బతికేది సికిందరాబాదు ఎండలో ఎక్కడ బతుకుతుందని అందరూ అన్నారు. మా ఆవిడ ఆస్పత్రికెళ్ళాక దాని భారం నా మీద పడింది. నేనేం చేశాను? వంటింటి కిటికీకి తడిగోనె కట్టి, దాని చాటున పెట్టాను. రోజూ కూజానీళ్ళు పోశాను. బతికింది. అంతవరకూ ఎవరైనా చేస్తారనుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పూసింది."

బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చే భద్రయ్య, పువ్వు ఎంతుందని అడిగాడు.

"నువ్వుగింజంత. భూతద్దం పెట్టి చూస్తే లోపల పసుపు నాలుక, దాని మీద ఊదా చుక్కలు. అద్దం తీస్తే పువ్వు లేదు, వాసన ఒక్కటే ఉంది. ఆ వాసన ముందు వీధి దాటింది, తర్వాత రైలుకట్ట దాటింది. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిపాయలు దించుతున్న కూలీలు బస్తాలు కింద పడేసి, మల్లెల లారీ ఏదని వెతికారట. ఆ ఉల్లిపాయలు కొన్నవాళ్ళు కూర వండుకుంటే పాయసం వాసన."

"గట్లెట్లయితదన్నా?" అన్నాడు భద్రయ్య.

"అవుతుందయ్యా. అసలు సంగతి తేనెటీగది. ఎక్కడి నుంచో ఒక్కటొచ్చింది. పువ్వులో దూరదామంటే పట్టదు. చుట్టూ తిరిగింది, ఆలోచించింది, చివరికి ఉపవాసం మొదలెట్టింది. సన్నబడి, సన్నబడి, దారప్పోగంతై లోపలికి దూరింది. బయటికొచ్చేసరికి కాలికి ఒక్క తేనెచుక్క. అది నా అరచేతిలో వేసి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. ఆ చుక్క చెంబుడు నీళ్ళలో కలిపితే చెంబు నిండా తేనె, బిందెలో కలిపితే బిందెడు తేనె. మామూలు తేనె కాదు. ఎన్నాళ్ళ జబ్బు మనిషైనా సరే, నాలుక మీద పడితే లేచి కూర్చోవాలి, అన్నం అడగాలి, ఇంట్లోవాళ్ళను కేకలెయ్యాలి."

చివరి మాటలకు ఆయన గొంతు మెత్తబడింది. మొహం మా వైపున్నా చెవి కిటికీ వైపే ఉంది.

భద్రయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఎగతాళి చేసే మనిషి కాదు, నిజంగానే అడిగాడు.

"మరి వదినెకు ఎయ్యలేదా అన్నా?"

యెషయాగారు నోరు తెరిచారు. కిటికీ వంక చూశారు. చేతిలో గ్లాసును అటూ ఇటూ తిప్పసాగారు. తను అడిగినదాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో భద్రయ్యకు తెలియలేదు.

అప్పుడు కిటికీలోంచి బొంగురుగా, మెల్లిగా ఒక గొంతు వచ్చింది.

"ఆ మొక్క ఇంకా పూయలేదు భద్రయ్యా. మంచం మీంచి వంటింటి కిటికీ కనిపిస్తూనే ఉంది. రోజూ నీళ్ళు పోసి ఈయన వేళ్ళు కుళ్ళబెడుతున్నారు." ప్రేమమణిగారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "ఏవండీ, దాన్ని ఇలా పట్టుకురండి, చూస్తాను."

యెషయాగారు లేచి, మాకు మాటైనా చెప్పకుండా లోపలికి వెళ్ళారు. కాసేపటికి వాదన మొదలైంది. ఏ వేరు బతికుంది, ఏది కత్తిరించాలి, అసలు ఆ గోనె ఎవరు కట్టమన్నారు. వినపడేదంతా ఆవిడ గొంతే. ఆయన మధ్యమధ్యలో "సరే" అంటున్నారు. టీలు చల్లారిపోయినా మాలో ఎవరికీ లేవబుద్ధి కాలేదు.