జబ్బులేమీ లేవు

సుందరరాజన్నని అట్ల మాటలనబాకు వదినా. నేనొచ్చిన కాన్నించి సూస్తా ఉండా, పాపం, మొగం గోడతట్టు తిప్పుకొని పండుకోనుండాడు. తిట్టాల్సింది ఆయన్ని కాదు.

కాఫీ వద్దులే. ముందు నువ్వు కూర్చో. నాయుడుపేటలో బస్సెక్కినప్పటి నుంచి ఎట్ల చెప్పాల్నా అనే ఆలోచన చేస్తా వచ్చినా.

ఫ్యాక్టరీలో నడక పోటీ పెట్టినారు గదా, రోజుకు పదివేల అడుగులని. మా యూనిట్లో అందరి పేర్లూ రాయించే పని నాకే తగిలించినారు. నేను హెచ్చార్లో చేరి ఏడాది కూడా కాలే. పేరు తెచ్చుకోవాలని ఉబలాటం! టీషర్టు ఇస్తారన్నా, బతిమలాడినా. అరవైమందిలో యాభైతొమ్మిదిమంది చేరినారు. మిగిలింది స్టోర్స్‌లో సుందరరాజన్న ఒక్కడే.

"నన్ను ఇడిసిపెట్టు భానూ, రెండేండ్ల కింద గుండెకు స్టెంటు ఏసినారు" అన్నాడు. ఎవురికీ ఇనపడకుండా, మెల్లిగా.

నేనేం చేసినానో తెలుసా? క్యాంటీన్లో ప్యాకింగ్ ఆడోళ్లందరూ తింటా ఉంటే, "మన అన్నకు వయసైపోయింది, ఇంక చేతికర్ర కొనియ్యాల" అని గట్టిగా అన్నా. అందరూ నవ్వినారు. ఆయనా నవ్వినాడు. నాకు సిగ్గు రావాల గదా? రాలే! సాయంత్రం ఆయనే వచ్చి, "సరే, రాసుకో పో" అన్నాడు.

నడిసినాడు వదినా, బాగా నడిసినాడు. ఫోన్లో అడుగులు తెచ్చి సూపించేవాడు, సిన్నపిల్లోడి మాదిరి. తొమ్మిదో దినం, మిట్టమద్యానం, గేటు కాడ కూలిపోయినాడు. తిరుపతి దాకా అంబులెన్సులో ఆయన చెయ్యి పట్టుకోనుండింది నేనే. అందుకేగదా ఆస్పత్రిలో నువ్వు నాకు దండం పెట్టినావు? ఆ దండం నాకు పెట్టాల్సింది కాదు.

ఇప్పుడు కంపెనీవాళ్లు ఏమంటా ఉండారు? జబ్బు దాచిపెట్టి పోటీ ఫారం నింపినాడు, మాకు సంబంధం లేదు, పనిలోకి మళ్లా తీసుకోము అని. నువ్వేమో, నాకు కూడా చెప్పకుండా అబద్ధం రాసినాడని ఆయన్ని పొద్దస్తమానం సాధిస్తా ఉండావు.

ఆ ఫారంలో 'జబ్బులేమీ లేవు' అని టిక్కు పెట్టింది ఆయన కాదు వదినా.

నేను.

ఆయన సంతకం పెట్టి, ఆ గడి ఖాళీగా ఇడిసి ఇచ్చినాడు. "ఈడ ఏం రాయాల్నో కంపెనీ డాక్టర్ని అడిగి రాయి" అన్నాడు. అడిగితే పేరు కొట్టేస్తాడు గదా. నాకు అరవైకి అరవై కావాల. నా పెన్నుతోనే పెట్టేసినా.

ఆయనకు తెలుసు. ఐసీయూ నుంచి బయటికొచ్చిన దినమే జరిగింది చెప్పి, "నేను ఒప్పేసుకుంటాలే అన్నా" అన్నా. "నీకు ఇంట్లో చంటిబిడ్డుంది, ఉద్యోగం పోతే ఎట్ల, ఊరుకో" అన్నాడు.

ఊరుకున్నా. ఎంత సులువుగా ఊరుకున్నానో సూడు!

అట్ల సూడబాకు వదినా. కొట్టు, అదైనా బాగుంటాది.

ఏంది? మేనేజరుకి చెప్పినావా అంటావా? లేదు. రెండుసార్లు ఆయన రూము తలుపు దాకా పోయి తిరుక్కోనొచ్చినా. నీకు చెప్పేస్తే భారం తగ్గుతుందని వచ్చినా, అంతే. రేపు చెప్తానని నీకు మాటియ్యాలన్నా నోరు రావడంలే.

నువ్వే పోయి చెప్పు వదినా. నన్ను పిలిచి అడిగితే కాదననులే. నాకుండే ధైర్యం అంతే.